నవ్వు మీద గీసిన మాస్కు

అన్నా,

మన చిన్నప్పటి బొమ్మల పుస్తకాల్లో ఆ ఎగిరే వీరుడు నవ్వేవాడు. తర్వాత కండలు పెంచాడు. ఆపైన ఏమైందో, ఎప్పుడు చూసినా పళ్లు నూరడమే. సూరత్ మిల్లులో దుప్పట్లకు డిజైన్లు గీసే నువ్వు మాత్రం వాడిని నవ్విస్తూనే ఉన్నావు. "కాపాడెటోడే గుర్రుమంటే పిల్లలు జడుసుకోరా ఏంది?" అనేవాడివి.

ఈ కరోనాలో మిల్లుకు పిల్లల మాస్కుల ఆర్డరు వచ్చింది. వాటి మీద వేసే వీరుడికీ మాస్కు ఉండాలట. మిల్లులో నీ చోట ఇప్పుడు నేనే గీస్తున్నాను కదా, నీ పాత బొమ్మే తీసి, ఆ నవ్వు మీద మాస్కు గీసిచ్చాను.

నీ బిడ్డకు ఒకటి తెచ్చాను. బొమ్మను తడిమి, "అత్తా, మాస్కు లోపట నవ్వుతుండా?" అని అడిగింది.

ఆసుపత్రి గేటు దగ్గర ఆఖరి చూపుకని నిన్ను నిండా చుట్టి దూరం నుంచి చూపించిన రోజు, నీ గురించి కూడా ఇదే అడిగింది. అప్పుడు అవునన్నాను. ఈసారి నీ పాత బొమ్మ తీసి చూపించాను.