బాయికాడ ఉన్నాడు, రేపు రమ్మన్నాడు

భూపాలపల్లి,
ఆదివారం పొద్దున.

తమ్ముడు సురేష్‌కు అక్క రజిత దీవెనలతో రాస్తున్నది.

నేను ఇక్కడ వేళకు తింటూ, ఒంట్లో బాగానే ఉన్నాను. నీ ఆరోగ్యం, అవ్వ మోకాళ్ల నొప్పి, నాయిన దగ్గు ఎట్లా ఉన్నాయో రాయి. గార్ల దవాఖానలో ఇచ్చిన మందు నాయిన చివరిదాకా వాడాడా, సగంలో ఆపాడా? ఆపే ఉంటాడు. మళ్లీ మొదలుపెట్టించు. బర్రె ఈనిందని పక్కింటి వాళ్లు ఫోనులో చెప్పారు. దూడ ఆడదో మగదో చెప్పలేదు.

నా ఫోను నువ్వు ఎత్తవు. రెండేళ్లు దాటింది. కాగితమైతే చించే ముందు ఒక్కసారైనా చూస్తావని రాస్తున్నాను. అవ్వను, నాయినను పక్కన కూర్చోబెట్టుకొని పెద్దగా చదువు. జనగామలో మనకు జరిగింది వాళ్లకు సగమే తెలుసు. అందుకే నీకు తెలిసినవి కూడా మొదటినుంచి రాస్తున్నాను. విసుక్కోకు.

ఇక్కడ నాకేమీ ఇబ్బంది లేదు. బట్టల దుకాణం మీద ఒక గది తీసుకున్నాను. ఆరేసిన చీర మీద సాయంత్రానికి సన్నటి నల్లపొడి పడుతుంది, బొగ్గు లారీలు ఈ దారినే పోతాయి. ఎండ మన దగ్గరకంటే ఎక్కువ. నీళ్లు బాగానే వస్తాయి. పక్క హోటల్లో సాంబారు తియ్యగా చేస్తారు, నాకు సహించలేదు, వండుకుంటున్నాను. కారం మాత్రం మన ఇంటిదే కావాలి. వచ్చేటప్పుడు ఒక సీసాడు తీసుకురా. ఎవరు వస్తారు, ఎందుకు వస్తారు అన్నది కింద రాశాను. గదిలో ఒక్కదాన్నే ఉంటాను, అలవాటైంది. ఇంటి ఓనరమ్మ నన్ను మేనేజరమ్మా అని పిలుస్తుంది. మొదట్లో వెనక్కి తిరిగి చూసేదాన్ని, ఎవరినో పిలుస్తున్నదని.

అవ్వా, నాయినా, ఇప్పుడు జనగామ సంగతి వినండి.

మేమిద్దరం ఆ డెలివరీ కంపెనీలో ఒకేసారి చేరాం. నేను గోదాములో పార్సిళ్లను మిషనుతో స్కాన్ చేసి ఊరి నంబరు చూసి కుప్పలు వేసేదాన్ని. తమ్ముడు బండి మీద ఊళ్లకు తీసుకుపోయి ఇచ్చేవాడు. పార్సిలు ఇయ్యలేకపోతే ఎందుకు ఇయ్యలేదో ఫోనులో రాయాలి. దాన్ని రిమార్కు అంటారు. మన దిక్కు రైతు ఇంట్లో దొరకడు, పొలంలో బాయికాడ ఉంటాడు. తమ్ముడు బండి ఆపి, చెలకల గట్ల మీద నడిచి, బాయికాడికే పోయి ఇచ్చి వచ్చేవాడు. మా గోదాం ఇన్‌చార్జి ప్రభాకర్‌కు అది నచ్చేది కాదు. పొద్దు గూకేసరికి బండ్లన్నీ వెనక్కి రావాలి, పైవాళ్లకు ఏ పార్సిలూ ఊరికే ఆగినట్టు కనపడకూడదు. మిగిలిన వాటికి తానే కూర్చొని రాసేవాడు. ఎప్పుడూ ఒకే మాట. బాయికాడ ఉన్నాడు, మోటరు వేస్తున్నాడు, రేపు రమ్మన్నాడు.

ఒకసారి ఒక రైతుకు మోటరు స్టార్టరు వచ్చింది. ఆ పార్సిలు తమ్ముడి చేతికి రాలేదు, గోదాములోనే ఒక మూలకు పడి ఉంది. మూడు రోజులు ప్రభాకర్ అదే రిమార్కు రాశాడు, అదీ తమ్ముడి ఐడీ మీద, తమ్ముడే రాసినట్టు. నాలుగో రోజు ఆ రైతు ఎండిన వరినారు పిడికెడు గుంజుకొని గోదాముకు వచ్చాడు. స్టార్టరు లేక మోటరు నడవలేదు, మోటరు నడవక నారు పోయింది. మోటరు నడవని మనిషి బాయికాడ మోటరు వేస్తున్నాడని ఎవరు రాశారని అడిగాడు. ప్రభాకర్ తమ్ముణ్ణి చూపించాడు. ఆ నారు రైతు దగ్గర తీసుకొని తమ్ముడి చేతిలో పెట్టి, అందరూ చూస్తుండగా ప్రభాకరే అన్నాడు.

"బాయికాడికి పోవుడు చాతకాకుంటే పోయి బాయిల దుంకు తమ్మీ. పీడ పోతది."

నలుగురు నవ్వారు. అదే రోజు తమ్ముడి ఐడీ ఆపేశారు. ఒక కంపెనీలో ఐడీ ఆగితే ఇంకో కంపెనీ కూడా ఇయ్యదు. తమ్ముడు ఆ నారు పారేయకుండా చేతిలో పట్టుకొనే గార్ల రైలెక్కాడు.

ఆ తర్వాత మీకు తెలుసు. రెండు రోజులు అన్నం ముట్టక మన బాయి ఒడ్డున కూర్చున్నాడు. అప్పటినుంచి అవ్వ గడ్డి కోసే మిషతో వాడి వెంట పోతూనే ఉంది. ఎందుకు కూర్చున్నాడో మీకు చెప్పి ఉండడు. ఇందుకు.

సురేష్, ఆ రోజు నేను నీకు పది అడుగుల దూరంలో ఉన్నాను. చేతిలో స్కాన్ మిషను ఉంది. నోరు తెరవలేదు. తెల్లారి మళ్లీ పనిలోకి పోయాను. నువ్వు నా ఫోను ఎత్తకపోవడానికి కారణం అదేనని నాకు తెలుసు. నేను సంజాయిషీ చెప్పుకోను. ఆ రోజు అరిచి ఉంటే రెండు ఐడీలు ఆగేవి, మూడో రోజుకు అందరూ మరిచిపోయేవారు. ఒక సంగతి నేను అక్కడే విన్నాను. ఏ రిమార్కు ఎక్కడ కూర్చొని, ఏ నిమిషంలో రాశారో కంపెనీ చిట్టాలో ఉంటుందట. దాన్ని తెరిచి చూసే హక్కు మేనేజరుకే ఉంటుందట. ఆ రోజే అనుకున్నాను, నేను మేనేజరు కావాలని. ఇంకే ఆశా లేదు.

ఊళ్ల నంబర్లన్నీ నోటికి నేర్చుకున్నాను. కంప్యూటరు నేర్చుకున్నాను. ఎవరు సెలవు పెట్టినా వాళ్ల పని నేనే చేశాను. ప్రభాకర్ ముందు తల ఎత్తలేదు. టీం లీడర్ కోసం పేర్లు అడిగితే ఆయనే నా పేరు రాశాడు. మంచి పిల్ల, నోరు లేదు అని పైవాళ్లకు చెప్పాడట. మహబూబాబాదుకు షిఫ్టు ఇన్‌చార్జిగా పంపారు. అక్కడ ఆడమనిషి కింద పనిచేసేది లేదని ఇద్దరు మానేశారు. ఇద్దరి బండ్లూ నేనే తిప్పాను. పరీక్ష రాశాను, ఒకసారి తప్పాను, రెండోసారి అయ్యింది. ఇక్కడికి మేనేజరుగా వచ్చాను.

కుర్చీలో కూర్చున్న మొదటి రోజు నీ చిట్టా తెరిచాను. మూడు రిమార్కులూ జనగామ గోదాములోని ప్రభాకర్ కంప్యూటరు నుంచి రాసినవే. ఆ నిమిషాల్లో నీ ఫోను రఘునాథపల్లి వైపు ఉంది. అక్కడ నీ చేతినుంచి పార్సిలు తీసుకున్న ఒక ముసలమ్మ సంతకం కూడా ఉంది. ఏరియా మేనేజరుకు పంపాను. పాత సంగతి, ముగిసిపోయింది, వదిలెయ్యమని జవాబు వచ్చింది. వదల్లేదు.

ఆరు నెలల తర్వాత ప్రభాకర్‌ను ఇక్కడికే మార్చారు, నా కింద. నన్ను చూసి కొంచెం తగ్గాడు, తర్వాత నవ్వాడు. నేనూ నవ్వాను. చాయ్ తెప్పించాను. బండ్లు పంపే పని ఆయనకే ఇచ్చాను. వచ్చిన కొత్తలోనే నేను ఒక పద్ధతి పెట్టి ఉన్నాను, రిమార్కు అబద్ధమని తేలితే రాసిన మనిషే అది ఒప్పుకొని ఆ పార్సిలు చేతికి అందించాలని. ఆ కాగితం మీద ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు.

రెండో వారం నాకు కావలసింది దొరికింది. బొగ్గు కార్మికుల క్వార్టర్ల పార్సిలు ఒకటి ఆగింది. యాకయ్య ఐడీ మీద రిమార్కు ఉంది. యాకయ్య మా దగ్గర బండి మీద పార్సిళ్లు ఇచ్చేవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, ఈ ఊరి మనిషి. రిమార్కు ఇది. బాయికాడ ఉన్నాడు, మోటరు వేస్తున్నాడు, రేపు రమ్మన్నాడు.

నాయినా, మన దిక్కు బాయి అంటే పొలం బాయే. ఇక్కడ బాయి అంటే బొగ్గుబాయి. మనుషులు భూమిలోకి దిగి పనిచేసేది. ఆ క్వార్టర్లలో ఒక్కరికీ నీళ్ల బాయి లేదు, మోటరు లేదు. ఈ ఊరి మనిషి ఎవడూ ఆ మాట రాయడు. జనగామ నుంచి వచ్చిన చేయి ఒక్కటే రాస్తుంది.

నేను వెంటనే ఆపవలసింది. ఆపలేదు. ఒకటైతే పొరపాటు అంటారని తొమ్మిది రోజులు చూస్తూ కూర్చున్నాను, తొమ్మిది పార్సిళ్లు ఆగనిచ్చాను. ఒకదాంట్లో ఒక ముసలావిడ కళ్లద్దాలు ఉన్నాయి. అన్ని రోజులూ కోడలు ఆమెకు మందు గోలీల పేర్లు చదివి ఇచ్చిందట. యాకయ్యకు నోటీసు వచ్చింది, అప్పుడూ ఆపలేదు. ఆ తప్పు నాది, రాసి పెడుతున్నాను.

ఫిర్యాదులు పైకి పోయి ఏరియా మేనేజరు వచ్చాడు. ప్రభాకర్ జనగామలో చేసినట్టే యాకయ్యను ముందుకు తోశాడు. పార్సిలు ఆగిన ఒక క్వార్టరుకే పోయి అడుగుదాం సార్ అన్నాను. నలుగురం పోయాం. గుమ్మంలో ఒకామె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. పోయిన మంగళవారం మీ ఆయన బాయికాడ ఉన్నాడా అని ఏరియా మేనేజరు అడిగాడు. ఉన్నాడు సార్, మొదటి షిఫ్టు అన్నది. ప్రభాకర్ మొహం వెలిగింది. చూసిన్రా సార్ అన్నాడు.

అప్పుడు నేను అడిగాను. "అక్కా, బాయికాడ మోటరు ఏసి పొలం పారిస్తుండని రాసిన్రు. మీ పొలం యాడుంది?"

ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే పట్టుకొని నన్ను చూసింది. "పొలమెక్కడిది చెల్లె? మా ఆయన దిగేది బొగ్గుబాయిల. గాడ మోటరు ఏసి ఏం పండిస్తడు, బొగ్గులా?"

యాకయ్య నవ్వలేదు. "నేనే రాస్తే బాయి దిగిండని రాస్తుంటి సార్" అన్నాడు, మెల్లగా.

ప్రభాకర్ ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. "మా దిక్కు బాయంటే గదే గద సార్" అన్నాడు.

"మీ దిక్కా?" అన్నాడు ఏరియా మేనేజరు. "రాసింది యాకయ్య అన్నవ్ గదా?"

నేను సంచిలోంచి చిట్టా కాగితాలు తీసి ఇచ్చాను. పైన తొమ్మిది, కింద నీవి మూడు.

నా పద్ధతి కాగితం కూడా తీశాను. తెల్లారి మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు తొమ్మిది పార్సిళ్లు మోసుకొని ప్రభాకర్ గని గేటు ముందు నిలబడ్డాడు. నేను ఎదురుగా చాయ్ బండి కాడ నిలబడ్డాను. టోపీ లైట్లు పెట్టుకొని నల్లగా బయటికి వస్తున్న మనుషుల మధ్య ఒక్కొక్క పేరూ పిలిచి, మీ పార్సిలుకు అబద్ధం రాసింది నేనే అని చెప్పి ఇయ్యాలి. మొదటి పేరు నోట్లోనే పిలిచాడు. వినపడలేదు అన్నారు. గట్టిగా పిలిచాడు. మోటరు ఏస్తున్న సారు ఈయనేనా, మా కోసం కూడా ఇంత నీళ్లు పెట్టుండ్రి సార్ అన్నాడొకాయన. గేటంతా నవ్వింది. ఆ రోజు జనగామలో నవ్వింది నలుగురే. నేను తొమ్మిది పేర్లూ అయ్యేదాకా కదల్లేదు.

గోదాముకు వచ్చాక అడిగాడు. "రజితా, నిన్ను టీం లీడర్ చేసింది నేనే గద. గా పాత ముచ్చట ఇంక మనసుల పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న" అన్నాను.

ఆయన నీతో అన్న మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. ఇన్ని రోజులు దాచుకున్నది. అనలేదు. జాలిపడి కాదు. ఆ మాట మనిషిని ఎంతదాకా తీసుకుపోతుందో మన ఇంట్లో చూశాను. నాకు ఆయన బాయిల దుంకడం అక్కర్లేదు. బతికి ఉండి, ప్రతి కంపెనీలో ఐడీ నంబరు కొట్టి, అది తెరుచుకోకపోవడం చూడాలి. ఆయన ఎదురుగానే ఆపమని రాసి పంపాను. సాయంత్రానికి ఆగింది. ఆ పూట అన్నం రెండోసారి పెట్టుకొని తిన్నాను.

ఆయన భార్య ఫోను చేసి ఏడ్చింది. విన్నాను. మా అవ్వ కూడా ఇట్లాగే ఏడ్చిందని చెప్పి పెట్టేశాను.

ఇక పని సంగతి. నీ ఐడీ మీద పెట్టిన తప్పు కొట్టేశారు. తెరవడానికి నువ్వు స్వయంగా రావాలి. ఆధార్ కాగితం, రెండు ఫోటోలు, కారం సీసా, నా పాత బొంత తీసుకొని శుక్రవారం లోపల రా. గార్ల నుంచి వరంగల్ దాకా రైలు, అక్కడినుంచి బస్సు. పని చేయమని నేను అడగను. ఒక్కసారి నీ నంబరు కొట్టి, అది తెరుచుకోవడం చూసి, వెంటనే మానేసినా సరే. నాతో మాట్లాడకపోయినా సరే. యాకయ్య నిన్ను చూడాలంటున్నాడు. నేను తొమ్మిది రోజులు ఊరుకున్న సంగతి ఆయనకు చెప్పాను. అప్పటినుంచి ఆయన కూడా నాతో అవసరానికే మాట్లాడుతున్నాడు.

పెద్దనాయినకు, పక్కింటి వాళ్లకు నా నమస్కారాలు చెప్పు. నాయినా, మందు ఆపొద్దు. అవ్వా, నాయినా, ఇక్కడినుంచే మీ కాళ్లకు మొక్కుతున్నాను, నన్ను దీవించండి.

అవ్వా, ఇక నువ్వు గడ్డికి పోకు. వాణ్ణి బాయికాడికి ఒక్కణ్ణి పోనియ్యి.

మీ బిడ్డ,
రజిత