తూర్పు గట్టు నేరేళ్లు

పాలంపేట,
2-4-1985.

చిరంజీవి నిర్మలకు బాపు ఆశీస్సులు.

పది మంది కొడుకులకు ఒక్క చెట్టు సాటి అని శాస్త్రం ఘోషిస్తున్నది. ఆ మాట నమ్ముతున్నావా, లేక మీ డెహ్రాడూన్ అడవుల చదువు కొలతలనే నమ్ముతున్నావా? ఉత్తరం చివరిదాకా చదివి జవాబు చెప్పు.

ఇక్కడ అమ్మ, నేను, ఎడ్లు క్షేమం. నువ్వు పంపిన తైలంతో అమ్మ మోకాలు సర్దుకుంది. గుడిమెట్లు నాకంటే ముందే ఎక్కుతున్నది.

నీ పరిశోధన కోసం మన చెలకలో నాటిన చెట్ల సంగతి అడిగావు. వరుసల నడుమ వేసిన జొన్న కరువులోనూ నిలబడింది. రాలిన ఆకు అక్కడే కుళ్లి నేలకు చెమ్మ పట్టింది. పక్క చెలకలు బీటలు వారాయి. నీడకు పైరు ఎదగదని వెక్కిరించిన మొగిలమ్మ అత్తే వచ్చి, "నీ బిడ్డ గెలిచిందన్నా! నాకు గూడ పది మొక్కలిప్పియ్యి" అన్నది.

ఇక తూర్పు గట్టు మీద నువ్వు నాటిన నేరేళ్లు. అవి ఎందుకు ఎండాయని రెండు ఉత్తరాల్లో అడిగావు. ఈ నేలకు నేరేడు పనికిరాదని నివేదికలో రాశానన్నావు. అది అచ్చయితే ఊళ్లకు పంచే మొక్కల్లోంచి నేరేడును తీసేస్తారన్నావు.

బిడ్డా, అవి ఎండలేదు. నిరుడు శ్రీరామనవమి పందిరి మీద కప్పడానికి నేరేడు మండలు కావలసి, పద్దెనిమిదింటినీ నా చేతులతోనే మొదలంటా నరికాను. అడవి దూరం, నీ గట్టు దగ్గర. దేవుడి పనికి పాపమేమిటనుకున్నాను. బడి ముఖం చూడకుండా అక్షరం అక్షరం కూడబలుక్కొని శాస్త్రం నేర్చినవాణ్ణి, ప్రతి ఏకాదశికి గుడి అరుగు మీద సత్యం గురించి గర్జించేవాణ్ణి, నీకు మాత్రం ఎండిపోయాయని అబద్ధం రాశాను. ఏడాదంతా ఆ గట్టు తొక్కలేదు.

మొన్న నవమి పొద్దున ఉప్పలయ్య మామ మండల కోసం గొడ్డలి పట్టుకుని అటు పోయి, ఉరికొచ్చాడు.

"బావా! నిరుడు నువ్వు కొట్టిన మోళ్లు మళ్ల లేచినయ్, నీ ఛాతి ఎత్తున్నయ్! రాముడు మనకోసమే పెంచిండు. కొట్టుకొద్దామా?"

"గొడ్డలి కింద పెట్టు!" అని అరిచి పరుగెత్తాను. పద్దెనిమిదికి పదిహేడు బతికి ఉన్నాయి తల్లీ! చిగురు పట్టుకుని ఏడ్చాను.

ఈసారి తాటాకు పందిరి కిందే కల్యాణం చేశాం. తలంబ్రాలు కాగానే నా దొంగతనం, నా అబద్ధం ఊరి ముందు చెప్పేశాను.

"శాస్త్రం మాకు చెప్పెటందుకేనా బావా? నీకు లేదా?" అన్నాడు ఉప్పలయ్య. అందరూ పకపకా నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు. "ముందుగాల పిల్లకు రాయి" అన్నది.

ఆ పందిరి కిందే నలభై ఇండ్లవాళ్లు ఒట్టు పెట్టుకున్నారు. ఇకమీద పెండ్లి పందిరికి మండ కొట్టే ఇల్లు ముందుగా ఒక నేరేడు నాటాలి. నరికినా లేచింది, కరువునూ గెలిచింది. దాన్ని పనికిరానిదనడానికి మనమెవరం?

నా అబద్ధం నీ అచ్చులోకి ఎక్కకూడదు. ఉత్తరం మడత కూడా పెట్టకు, మీ సారు దగ్గరికి నడువు. ఆ వాక్యం కొట్టెయ్. రేపు కాదు బిడ్డా, ఇవ్వాళే!

ఇట్లు,
ఊరి ముందు తలెత్తుకున్నా, నీ ముందు తలవంచిన
నీ బాపు
బుచ్చిరాములు