సుత్తికి అడ్డం పెట్టిన చెయ్యి

సుధాకరన్నా,

ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సెల్ టవర్లకు రేడియో పెట్టెలు చేసే మన తార్నాక కంపెనీని కొన్న పెద్ద కంపెనీ, తర్వాత మరో మూడింటిని మింగింది. వాటిలో ఒకదాని పెట్టెలే చాలట. మనవి పగలగొట్టమని పొద్దున మనుషులను పంపింది.

బల్లల మీదున్నవన్నీ కళ్లముందే ముక్కలు చేశారు. యూనివర్సిటీ క్యాంపస్ ల్యాబ్‌లో నువ్వు చేసిన మొదటి పెట్టె మీదికి సుత్తి లేవగానే చెయ్యి అడ్డం పెట్టాను. రెండు వేళ్లు నుజ్జయ్యాయి.

"పిచ్చి లేసిందా మేడం? గిది తుక్కే గదా!" అని కొట్టినవాడు సుత్తి కింద పడేశాడు.

రెండో చేత్తో వాడి చెంప పగలగొట్టాను. అయినా వాడే ఆటో పిలిచాడు.

"హాస్పిటల్‌కేనా అక్కా?" అన్నాడు డ్రైవరు.

"క్యాంపస్‌కు పోనీ" అన్నాను, పెట్టెను ఒళ్లో పెట్టుకుని.

ల్యాబ్‌లో స్విచ్ వేస్తే పెట్టె వెలిగింది, అన్నా. ఆసుపత్రికి ఆ తర్వాతే వెళ్లాను.

నీ చెల్లి,
సునీత