పదేళ్లు తగ్గే చిట్కా

1986 జనవరి 8
నరసరావుపేటలో నాటకం అయ్యాక రంగు తుడుచుకుంటుంటే నాటకాల కాంట్రాక్టరు శేషయ్య గారు వచ్చి నిలబడ్డారు. "కనిగిరి నాటకంలో తల్లి వేషం వేస్తావేంటమ్మా? హీరోయిన్‌కి కొత్తపిల్లని అనుకుంటున్నారు..." పద్దెనిమిదో ఏట నుంచీ హీరోయిన్‌ని నేను. నలభై ఇంకా నిండలేదు. నెలాఖరుకి చెబుతానన్నాను. ఇంటికొచ్చి అద్దం చూసుకున్నాను. కళ్ల కింద, నోటి పక్కన... ఏడ్చాను. ఏడిస్తే ఇంకా కనిపిస్తాయి, పాడు ముడతలు.

జనవరి 10
వారపత్రికలో చిట్కాలు. తెల్లసొన, మీగడ, తేనె, బొప్పాయి. 'పదిహేను రోజుల్లో పదేళ్లు తగ్గుతారు.' ఎవరు తగ్గారో పేరు రాయరేం? నమ్మను. అయినా... ఎడమ చెంపకే రాస్తాను. కుడి చెంప ఊరికే ఉంటుంది. తేడా తెలుస్తుందిగా.

జనవరి 13
తెల్లసొన — నిజమే, చర్మం బిగిసింది! కడుక్కున్నాను. ఎప్పటి మొహమే.

జనవరి 19
మీగడతో మెత్తబడింది. మెత్తటి ముడతలు. తేనెకి చీమలు. బొప్పాయికి దురద. అక్క నవ్వుతోంది — "ఏ చెంపకి రాశావే? నాకు రెండూ ఒకేలా ఉన్నాయి." కొట్టాలనిపించింది. అన్నది నిజమే.

జనవరి 24
పరీక్షలకి ఇంక ఓపిక లేదు. కస్తూరి పసుపు రోట్లో నూరి మొహమంతా పట్టించాను. మంట! అమ్మో, మంట. అక్క పరుగెత్తుకొచ్చింది — "ఆ రోట్లో పొద్దున పండుమిరప పచ్చడి నూరానే, కడగలేదే!" మజ్జిగ పోసింది. మొహం ఉబ్బిపోయింది.

అదే రోజు, సాయంత్రం
శేషయ్య గారు మాట కోసం ముందే వచ్చేశారు. వాపు కాస్త తగ్గినా గీతలు లేవు. తేరిపార చూశారు. "ఏం వాడుతున్నావమ్మా? బుగ్గలు నిండాయి, ఎర్రగా... పదేళ్లు తగ్గావు! హీరోయిన్ నువ్వే, పో." నవ్వాను. నవ్వితే మంట.

జనవరి 26
వాపు దిగింది. గీతలన్నీ తిరిగొచ్చాయి, పైగా చర్మం పొట్టు రేగుతోంది. గుంటూరు డాక్టరమ్మ తిట్టింది — "ముడతలు పోలేదమ్మా, చర్మం కాలింది. ఆకులూ పసర్లూ వయసు తగ్గించవు. ఎండలో తిరగొద్దు, అంతే. ఇంకోసారి కారం తగిలితే మచ్చలు పడిపోతాయి, తర్వాత నేనేం చెయ్యలేను." పత్రిక చిట్కాలన్నీ ఉత్తివే. పనిచేసింది ఆ కారం ఒక్కటే, అదీ ఒక్క పూట.

ఫిబ్రవరి 3
కనిగిరి. సత్రం గది. ఇంకో గంటలో నాటకం. శేషయ్య గారు తలుపు బయట నుంచే — "ఆ రోజు మొహంతో రావాలమ్మా. కమిటీ వాళ్లకి అలాగే చెప్పాను." అలాగేనండి అన్నాను. ఏమనాలి? కొత్తపిల్లని కూడా తీసుకొచ్చారు, పక్కగదిలో పాడుకుంటోంది. నా డైలాగులన్నీ దానికి నోటికొచ్చు. కారం పొట్లం విప్పి ఒళ్లో పెట్టుకున్నాను. మేకప్పతను తలుపు కొడుతున్నాడు — "అమ్మా, మొహం కడుక్కున్నారా?"
ఒక్క నిమిషం, అన్నాను.