నోట రాని పేరు

ఏమయ్యో,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. అల్ ఖర్జ్ రోడ్డు మీద నీ పాల ట్యాంకర్ బోల్తాపడ్డ ఊళ్లోనే నిన్ను మట్టిచేశారు. ఈ సౌదీలో గోరీల మీద పేర్లు రాయరు. తల దగ్గర ఒక రాయి పెట్టారని మీ తమ్ముడు చెప్పాడు. ఆడవాళ్లను పోనివ్వరు కాబట్టి నేను చూడలేదు.

ఇందాక ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చి, మన షాహీన్ చేత రేపటి హిస్టరీ పరీక్షకు పాఠం అప్పజెప్పించుకున్నాను. ట్యూడర్ రాజుల కాలంనాటి ఒక ఇంగ్లండు ప్రభువు పుట్టుక, వంశం. తాత ఎవరు, తల్లి ఏ ఇంటి ఆడపిల్ల, అన్నీ గడగడా చెప్పింది.

"వాళ్ల నాయన తల రాజే నరికించినాడంటమా. బిరుదు, భూములు అన్నీ లాక్కున్నారంట. పేరు మాత్రం ఇంకా ఉండాది చూడు" అంటూ పుస్తకం నా ముందు పెట్టింది. "ఇప్పుడు నేనడుగుతా. మా నాయన పేరేంది?"

"నీకు తెలీదా?"

"నాకు తెలుసు. నువ్వే ఎప్పుడూ చెప్పలే."

మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నేర్పింది. మార్చురీలో పేరు అడిగినప్పుడు కూడా నీ పేరున్న ఇఖామా గుర్తింపు కార్డు చూపించానే తప్ప నోరు విప్పలేదు.

ఇంకా ఏం తగ్గుతుందని?

"దస్తగిరి" అన్నాను.

పాప పుస్తకం మూసింది. "ఇంకోసారి చెప్పుమా."

ఈసారి పిలిచినట్టే అన్నాను. లోపలి గదిలోంచి ఎవరూ "ఆఁ" అనలేదు.