పట్టీ పీకిన ప్రబుద్ధుడు

మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

మెయిల్ పెడితే మీ ఆఫీసు యంత్రం చదవకుండానే మూసేసింది. అందుకే కాగితం పట్టాను. యంత్రం లోపల పనులన్నీ నడిపే మీ కొత్త కెర్నెల్ వచ్చాక నా పరికరం మూగబోయింది. చచ్చిన యంత్రం మెమరీ తెరిచి, ఎందుకు చచ్చిందో చెప్పడమే కదా దాని పని. ఆసుపత్రి సర్వర్ రోజూ పదింటికి కూలుతోంది, రోగులు వరండాలో నిలబడుతున్నారు. ఏ పని దేనికోసం కాచుకుందో రాసిపెట్టే పట్టీ కెర్నెల్లో ఉండేది, నా పరికరం చదివేది దాన్నే. దాన్ని పీకేసిన ప్రబుద్ధుడెవరు?

ఇట్లు,
అత్తయ్య

తా.క.: నువ్వే అయితే చెవి పంపించు. మెలిపెట్టి తిప్పి పంపిస్తాను.

అత్తయ్యకు నమస్కారాలు.

నేను కాదు. ఆ పట్టీని కెర్నెల్లో ఎవరూ చదవడం లేదని తీసేశారు. తీసిందెవరో అడగకండి, పెద్దవాళ్లు. నెలాఖరు శుక్రవారంలోగా మీ పరికరం పనిచేయకపోతే, కొత్త కెర్నెల్‌తో పాటు పంపే వాటిలోంచి దాన్ని తప్పిస్తారట. మీరూ కాస్త విశ్రాంతి తీసుకోవచ్చు కదా.

మీ మేనల్లుడు

తా.క.: చెవులు పంపలేను, మీటింగులున్నాయి.

ఒరేయ్ విశ్రాంతీ,

ఇరవై రెండేళ్లలో మీ కెర్నెల్ ముప్పై ఒక్కసార్లు లోపలి సామాను మార్చింది. ప్రతిసారీ వెతికి పట్టుకున్నాను. లోపల ఎవరూ చదవరు, నిజమే. అది చచ్చాక బయటినుంచి చదివేదాన్ని నేను. పెద్దవాళ్లంటే మీ డైరెక్టరే అయ్యుంటాడు. బుర్ర వాడకుండా చీపురు పట్టాడని ఆయనకే రాశాను. నేను తగ్గను.

అత్తయ్య

తా.క.: నకలు మీ నోటీసు బోర్డుకీ పంపాను.

అత్తయ్యకు,

డైరెక్టరు గారు మీ ఉత్తరం మీటింగులో పైకి చదివి నవ్వారు. తీసింది మనిషి కాదు. ఎవరూ చదవనివాటిని ఏటా ఊడ్చేసే ప్రోగ్రాము ఒకటుంది. దాని మొదటి పేజీ అచ్చు తీసి జతచేశాను. కోపం తగ్గాక చదవండి.

మేనల్లుడు

తా.క.: కూర్చుని చదవండి.

మేనల్లుడికి,

నిలబడే చదివాను. ఆ ఊడ్చే ప్రోగ్రాము రాసింది నేనే. మీ ఆఫీసు వదిలే ముందు నెలలో. "ఎవరు మొత్తుకున్నా ఆపవద్దు" అన్న వాక్యం కూడా నాదే. నేనే మొత్తుకుంటానని అప్పుడు అనుకోలేదు.

అయినా పట్టీ లేకుండానే, ఒక్కో పనినీ విప్పి చూసి కూపీ లాగాను. బ్యాకప్పూ టోకెన్ల యంత్రమూ ఒకదానికోసం ఒకటి కాచుకుని, రెండూ కదలకుండా కూర్చుంటున్నాయి. వాటి వేళలు విడదీయించాను. ఇవాళ ఆసుపత్రి సర్వర్ పదింటికి కూలలేదు. నా పరికరం కొత్త కెర్నెల్‌ను చదువుతోంది, గడువుకు ఇంకా ఒకరోజుంది, ఇవాళ గురువారమే. ఇప్పుడు తప్పించమను చూద్దాం.

అత్తయ్య

తా.క.: బోర్డు మీద నా ఉత్తరం తీయొద్దు. ప్రబుద్ధుడెవరో అందరికీ తెలిసేలా కింద పెద్ద అక్షరాలతో నా పేరు రాయి. తిట్లు మాత్రం ఒక్కటీ వెనక్కి తీసుకోను.