ఆదివారం నా వీపు మీద తుల్లియో

లీడో, బుధవారం

అమ్మా ఓర్సోలా, నేనూ తుల్లియో ఇద్దరం బాగానే ఉన్నాం, చదవకముందే ఏడుపు మొదలెట్టకు.

ఆదివారం ఇంగ్లీషోళ్లతో నీటివిమానాల పందెం. మన వైమానిక దళం జట్టులో నీ కొడుకుని కూడా ఎక్కిస్తున్నారు. బూట్లు తడిస్తే విమానంలో పెడళ్ల మీద కాలు జారుతుందని, పైలట్లని పడవోళ్లం మేమే వీపున మోసుకెళ్లి విమానంలో కూర్చోబెట్టాలి. నిన్న తుల్లియోని నేనే మోశా.

"తాతా, నీ ఎముకలు గుచ్చుకుంటున్నాయి. గాడిదని తెచ్చుకోవాల్సింది" అన్నాడు.

"అడిగానురా. దానికి బుద్ధుంది, రానంది" అన్నా.

ఒడ్డు మీద జట్టంతా నవ్వింది. వాడూ నవ్వాడు గానీ, వాడి గుండె మాత్రం నా వీపుని దబదబా బాదింది. పోయిన వారం ఆ జట్టు పైలట్ ఒకడు విమానంతో సహా నీళ్లలో కూలితే వెతకడానికి మేమే వెళ్లాం. టోపీ ఒక్కటే దొరికింది.

మలుగుచేపల పీపాలో వెనిగర్ పోశావా? మీ ఆయన్ని దాని దగ్గరికి రానివ్వకు, రుచి చూస్తానని సగం మింగుతాడు. నా ఉన్ని మేజోళ్లు వెంటనే పంపు. ఆదివారం పొద్దున్నే చర్చిలో కొవ్వొత్తి వెలిగించు, పిసినారితనం చెయ్యక లావుది కొను.

పందెమయ్యాక తుల్లియోని దింపుకునేది కూడా నేనేనని వాళ్ల అధికారికి చెప్పేశా. వాడు తిరిగొచ్చి నా వీపెక్కేదాకా నడుంలోతు నీళ్లలోంచి కదలను.

నీకూ పిల్లలకీ ముద్దులు.

మీ నాన్న బేర్టో